864 గ్రాముల కెమెరా సామానుకి ఎంత బ్యాగు కావాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి ముందు దాన్ని నాలుగు ముక్కల్లో చెప్పి మొదలుపెడతా. ఊరు కావలి. కెమెరా సోనీ ఏ6400, దాంతో వచ్చిన 16-50 లెన్సు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న 55-210 లెన్సు, విడిగా రెండు బ్యాటరీలు, ఛార్జరు, జానెడు ట్రైపాడు. ఆదివారం వస్తే బైకు మీద మైపాడు బీచికో ఉదయగిరి కొండకో, చలికాలంలో అయితే నేలపట్టు పక్షుల చెరువుకో పోతావు. ఇప్పటిదాకా కాలేజీ బ్యాగులో తువ్వాలు చుట్టి పెట్టుకుంటున్నావు. మూడు వేల లోపు మంచి బ్యాగు కొందామని పోతే కొట్టతను 25 లీటర్ల కెమెరా బ్యాగు చూపించి, "రేపు ఇంకో లెన్సు కొన్నా ఇందులోనే పడుద్ది" అన్నాడు. అది తీసుకోనా అని అడుగుతున్నావు.

తీసుకోవద్దు. పది లీటర్ల మామూలు బ్యాగు ఒకటి, దాని లోపల పెట్టి తీసేసుకోగలిగే మెత్తటి పెట్టె ఒకటి, రెండూ విడివిడిగా తీసుకో. ఎందుకో చెబుతా. నేను నెల్లూరులో ఇరవై రెండేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నా. పనికి మోసే పెద్ద బ్యాగు కారు డిక్కీలో పోతుంది, దాని సంగతి వేరు. ఆదివారం నాకోసం నేను తీసుకునే ఫొటోలకి నీలాగే చిన్న కెమెరా వాడతా. ఆ చిన్న సామాను కోసం ఇప్పటికి ఏడు బ్యాగులు మార్చా. ఆ ఏడింటిలో నాలుగు మన ఉప్పుగాలికీ ఉక్కకీ పోయినవే. కింద పడి దెబ్బ తిన్న కెమెరా మాత్రం ఒక్కటీ లేదు.

ముందు ఇంట్లో సామాను కొలువు. పేపరు పరిచి అన్నీ దాని మీద పెట్టి, టైలరు టేపుతో కొలిచి రాసుకో. నీ కెమెరా బాడీ 12 సెంటీమీటర్ల పొడవు, 7 ఎత్తు ఉంటుంది. 16-50 లెన్సు ముడుచుకున్నప్పుడు మూడు సెంటీమీటర్లే కాబట్టి, తగిలించి ఉంచినా మొత్తం మందం 9 దాటదు. 55-210 పొడవు 11, వెడల్పు ఆరున్నర. లీటరంటే వెయ్యి ఘనపు సెంటీమీటర్లు కదా, లెక్క కట్టు. లెన్సుతో ఉన్న కెమెరా ముప్పావు లీటరు, రెండో లెన్సు అర లీటరు, బ్యాటరీలూ ఛార్జరూ కలిపి పావు లీటరు. చుట్టూ ఫోము వేసినా మూడు లీటర్లలో అయిపోతుంది. లీటరు నీళ్ళ సీసా, ఒక తువ్వాలు, మడిచిన రెయిన్ కోటు, పొద్దున కట్టించుకున్న ఇడ్లీ పొట్లం కలిపినా పది లీటర్లలో హాయిగా పడతాయి.

బరువు కూడా చూడు. బాడీ బ్యాటరీతో కలిపి 403 గ్రాములు, చిన్న లెన్సు 116, పెద్దది 345. మూడూ కలిపితే 864 గ్రాములు. అది మోయడానికి ఖాళీగా ఉన్నప్పుడే కేజీన్నర తూగే బ్యాగు కొనడమంటే సోలెడు వడ్లకి పుట్టెడు గాదె కట్టినట్టే. పైగా గాదె ఖాళీగా ఉండదు. చోటుంది కదాని పవర్ బ్యాంకు వేస్తావు, ల్యాప్‌టాప్ వేస్తావు, పెద్ద ట్రైపాడు వేస్తావు. మధ్యాహ్నానికి భుజాలు లాగుతాయి, మూడింటికల్లా ఇంటికి పోదామనిపిస్తుంది. వెలుగు బాగుండేది నాలుగున్నర తర్వాత. ఉదయగిరి కొండెక్కేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. కృష్ణదేవరాయలంతటివాడికి 1514లో ఆ దుర్గం చేతికి రావడానికి ఏడాదిన్నర ముట్టడి పట్టింది. ఆ మెట్ల మీద వీపున మోసే ప్రతి పావుకిలోకీ లెక్క ఉంటుంది.

కొట్టులో లీటర్ల అంకెని నమ్మొద్దు. ఒకరు బయటి జేబులు కూడా కలిపి చెబుతారు, ఒకరు లోపలిది మాత్రమే చెబుతారు. టేపు జేబులో పెట్టుకుని పోయి లోపల నువ్వే కొలువు. ఎత్తు 40, వెడల్పు 24, లోతు 11 సెంటీమీటర్లు ఉంటే పదిన్నర లీటర్లు. నీకు అదే కొలత. లోతు 11 కంటే తగ్గితే కెమెరా పెట్టెకి ఇరుకవుతుంది, 15 దాటితే బైకు మీద వెనక్కి లాగుతుంది.

ఇక అసలు సంగతి. 2021 నవంబరులో పెన్నకి వరద వచ్చింది గుర్తుందా? పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, హైవే కూడా తెగింది. ఆ రోజుల్లో వానలోనే ఏటి గట్టు మీద తిరిగి ఫొటోలు తీశా. అప్పుడు నా దగ్గర బాగా మందంగా ఫోము ఉన్న కెమెరా బ్యాగు ఉండేది, పేరున్న కంపెనీదే. ఇంటికొచ్చి చేత్తో తడిమి చూస్తే పైన ఆరినట్టే ఉంది. కార్తీకమాసం పెళ్ళిళ్ళ హడావుడిలో ఉన్నా, దాన్ని అలాగే బీరువా మీద పెట్టేశా. మళ్ళీ సంక్రాంతికి తీశా. జిప్పు లాగగానే ముగ్గిన బట్టల వాసన వచ్చింది. 35 ఎంఎం లెన్సు తీసి వెనక నుంచి టార్చి వేసి చూస్తే, గాజు అంచున మొదలై లోపలికి పాకిన తెల్లటి దారాలు, చెట్టు వేళ్ళలాగా సన్నగా, కొమ్మలు కొమ్మలుగా కనిపించాయి. అదే ఫంగస్. చెన్నై పంపించి శుభ్రం చేయిస్తే దారాలు పోయాయి, అవి తినేసిన పూత మాత్రం తిరిగి రాలేదు. ఇప్పటికీ సూర్యుడికి ఎదురుగా పెట్టి తీస్తే ఆ లెన్సులో ఫొటో అంతా పాలు కలిపినట్టు తెల్లబారిపోతుంది. చాలా ఇష్టంగా కొనుక్కున్న లెన్సు అది.

తర్వాత ఆ బ్యాగు లోపలి బట్ట కోసి చూశా. లోపలున్నది పరుపుల్లో వాడే స్పాంజి లాంటి ఫోము. నెల దాటినా మధ్యలో చెమ్మగానే ఉంది. తేమ 60, 65 శాతం దాటిన చోట, చీకట్లో, గాలి ఆడకుండా ఉంటే ఫంగస్ పెరుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో మన తీరమంతా అలాగే ఉంటుంది. అందులో మందపాటి తడి స్పాంజి మధ్య లెన్సుని పెట్టి జిప్పు వేశా. అప్పటి నుంచి ఏ బ్యాగు చూసినా నేను మొదట అడిగేది ఒకటే: ఇది ఎంతసేపట్లో ఆరుతుంది?

కెమెరా బ్యాగుల్లో ఎక్కువ భాగం ఫోముని బ్యాగుకే కుట్టేసి ఉంటాయి. వీపు చెమట, వాన, సముద్రపు గాలి అన్నీ ఆ ఫోములోకే పోతాయి. ఉతకలేవు, విడదీయలేవు, మూడు రోజులు ఫ్యాను కింద పెట్టినా లోపల ఆరిందో లేదో తెలియదు. మామూలు పల్చటి బ్యాగయితే తిరగేసి దండెం మీద వేస్తే గంటన్నరలో ఆరుతుంది. లోపలి పెట్టెని విడిగా తీసి కిటికీలో పెట్టుకోవచ్చు. నేను రెండూ విడివిడిగా కొనమన్నది అందుకే.

ఫోము ఏదో కొట్టులోనే తెలుసుకోవచ్చు. బొటనవేలితో గట్టిగా నొక్కు. వేలు దిగబడిపోయి, నెమ్మదిగా పైకి లేస్తే స్పాంజి. హవాయి చెప్పు అడుగు నొక్కినట్టు వేలిని వెంటనే వెనక్కి తోస్తే ఈవీఏ లాంటి ఫోము, లోపలి బుడగలన్నీ మూసుకుని ఉండే రకం. అది నీళ్ళు పీల్చదు. ఆరు మిల్లీమీటర్ల ఈవీఏ చాలు. అంగుళం మందం స్పాంజి ఎందుకూ పనికిరాదు, చోటు తినేస్తుంది.

బట్ట సంగతి ఒక్క మాటలో చెబుతా. 420, 600 అని డీనియర్ అంకెలు రాసి ఉంటాయి. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డీనియర్లు. చిన్న బ్యాగుకి 420 నైలాన్ గానీ 600 పాలిస్టర్ గానీ సరిపోతుంది. అంకె కంటే బట్ట లోపలి వైపు పూత చూడు. పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) పూత ఉన్న బ్యాగులు కొత్తలో నీళ్ళని బాగానే ఆపుతాయి. మన ఉక్కకి నాలుగైదేళ్ళలో ఆ పూత జిగటగా మారి పొరలు పొరలుగా ఊడి లెన్సు మీద పడుతుంది. అందుకే సేల్‌లో చవగ్గా వచ్చిందని ఏళ్ళ తరబడి గోడౌనులో పడి ఉన్న సరుకు తీసుకోవద్దు. లోపల చెయ్యి పెట్టి రుద్ది చూడు. వేళ్ళకి అంటుకుంటే వదిలెయ్యి.

జిప్పు దగ్గర కొంచెం ఆగుతా, ఎందుకంటే ఫొటో దొరకడమూ పోవడమూ అక్కడే. మైపాడులో తెల్లవారుజామున అలివి వల లాగుతుంటారు, చూసే ఉంటావు. రెండు వైపులా తాళ్ళు పట్టుకుని పది పన్నెండు మంది చొప్పున వెనక్కి నడుస్తూ లాగుతారు. వల సంచి ఒడ్డుకి చేరే ముందు ఒక అర నిమిషం ఉంటుంది. నీళ్ళలో చేపలు తళతళలాడుతుంటాయి, అందరూ ఒక్కసారి ముందుకి వంగుతారు, అప్పుడే సూర్యుడు నీళ్ళ మీదికి లేస్తుంటాడు. ఒకసారి సరిగ్గా ఆ అర నిమిషంలో నా బ్యాగు జిప్పు రాలేదు. రెండు వారాల ముందు అక్కడికే వచ్చి, కడగకుండా మూలన పెట్టిన బ్యాగు అది. లోహపు రన్నరుకి ఉప్పు పట్టి తెల్లటి పొడిలాగా గడ్డకట్టింది. ఎడమ చేత్తో బట్ట పట్టుకుని కుడి చేత్తో లాగుతుంటే సగం దాకా వచ్చి ఆగిపోయింది. తల ఎత్తేసరికి వల ఒడ్డున పడి, బుట్టలు వచ్చేశాయి.

కాబట్టి పళ్ళు లోహానివి కాకుండా, నైలాన్ తీగ చుట్టినట్టుండే జిప్పు చూసుకో. రన్నరు వెనక్కి తిప్పితే 5, 8, 10 అని అంకె ఉంటుంది, అది జిప్పు సైజు. పెద్ద అరకి 8 ఉంటే మంచిది, చిన్న జేబులకి 5 చాలు. వైకేకే అని ఉంటే సంతోషం, లేకపోయినా పరవాలేదు. పరీక్ష ఏందంటే, బ్యాగుని ఒక భుజాన వేసుకుని, ఒంటి చేత్తో, చూడకుండా, మూల మలుపు దగ్గర కూడా ఆగకుండా తెరుచుకోవాలి. కొట్టులో పదిసార్లు చెయ్యి. పదింటిలో రెండుసార్లు బట్ట నమిలినా వద్దు. సముద్రం దగ్గరికి పోయొచ్చిన ప్రతిసారీ తడిగుడ్డతో జిప్పు మొత్తం తుడిచి, నెలకోసారి తెల్ల కొవ్వొత్తి ముక్క పళ్ళ మీద రుద్దు. నూనె రాయొద్దు, ఇసుక పట్టేస్తుంది.

జిప్పు ఎటువైపు తెరుచుకోవాలన్నది నువ్వు తిరిగే చోటుని బట్టి ఉంటుంది. పక్క నుంచి తెరుచుకునేవి ఉన్నాయి. ఒక పట్టీ జార్చి బ్యాగుని పొట్ట మీదికి తిప్పుకుంటే, ఇసుకలో కింద పెట్టకుండానే కెమెరా చేతికొస్తుంది. మైపాడుకీ కొత్తపట్నం బీచికీ ఇదే సుఖం. వీపుకి ఆనుకునే వైపు తెరుచుకునేవి ఇంకో రకం. వేసుకుని ఉన్నంతసేపూ వెనక నిలబడ్డవాడు తెరవలేడు, కానీ తీయాలంటే బ్యాగుని ఎక్కడో ఒకచోట పడుకోబెట్టాలి. మన రొట్టెల పండగ లాంటి జనంలో ఆ వీలుండదు. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నీళ్ళలో నిలబడి విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె అని మార్చుకుంటుంటారు, ఒడ్డున కాలు పెట్టే చోటుండదు. అక్కడ నేను చేసేది ఒకటే. బ్యాగుని ముందుకి, ఛాతీ మీదికి వేసుకుంటా. పై నుంచి తెరుచుకునే చిన్న బ్యాగు ముందుకి వేసుకుంటే బల్ల మీద పెట్టె తెరిచినట్టు ఉంటుంది. లెన్సు మార్చుకోవడానికి కూడా అదే బల్ల. 25 లీటర్లది ముందుకి వేసుకుంటే నీ కాళ్ళు నీకు కనపడవు, చెరువు గట్టు మెట్ల మీద అది ప్రమాదం. నీ బడ్జెట్‌లో పై నుంచి తెరుచుకునేదే తీసుకో. పక్క జిప్పు కూడా ఉన్నది దొరికితే మరీ మంచిది.

బైకు మీద సామాను ఎప్పుడూ నీ వీపు మీదే ఉండాలి. ట్యాంకు మీద కట్టడం, హ్యాండిలుకి తగిలించడం, పక్క డబ్బాలో వేయడం వద్దు. ఇంజను అదురుకి లెన్సుల్లోని చిన్న స్క్రూలు వదులవుతాయి. నీ ఒళ్ళు ఆ అదురుని చాలావరకు మింగేస్తుంది. పట్టీలు బిగించి బ్యాగు అడుగు సీటుకి తగలకుండా నాలుగు వేళ్ళ పైన ఉండేలా చూసుకో. సీటు మీద ఆనితే గుంత వచ్చినప్పుడల్లా దెబ్బ నేరుగా పోయేది కెమెరాకే. ఛాతీ దగ్గర అడ్డపట్టీ తప్పకుండా ఉండాలి. అది లేకపోతే ఎనభై మీద పోయేటప్పుడు పట్టీలు భుజాల మీద నుంచి జారతాయి. కావలి నుంచి నేలపట్టంటే వంద కిలోమీటర్లు దాటే దారి, అంతసేపు పట్టీ సర్దుకుంటూ హైవే మీద నడపకూడదు.

పట్టీ మొదట్లో, అంటే బ్యాగుకి కలిసే చోట, కుట్టు ఎలా ఉందో చూడు. ఒక వరస కుట్టు ఉంటే ఏడాదిలో వదులుతుంది. అడ్డంగా దట్టంగా ముందుకీ వెనక్కీ పోయిన కుట్టు గానీ, చదరంలో ఇంటూ గుర్తు వేసినట్టుండే కుట్టు గానీ ఉండాలి. రెండు చేతులా పట్టుకుని గట్టిగా గుంజు, కొట్టతను ఏమీ అనుకోడు. దారం సందుల్లో వెలుతురు కనిపిస్తే వదిలెయ్యి. పట్టీ వెడల్పు ఐదు సెంటీమీటర్లు చాలు, కేజీన్నర రెండు కేజీల బరువుకి అంతకంటే అక్కర్లేదు. నడుము బెల్టు నీకు అనవసరం, కోసి తీసేసే వీలుంటే తీసెయ్యి.

ట్రైపాడు బయట పక్క జేబులో పెట్టి కట్టుకోకు. జానెడుదే కదా, లోపల నీళ్ళ సీసా పక్కన నిలబెట్టు. బయట పెడితే ఆర్టీసీ బస్సు తలుపులో తగులుకుంటుంది, ఒకసారి వెనకున్న పెద్దావిడ చీరకి చిక్కుకుంది. బస్సులో పోయేటప్పుడు బ్యాగు ఒళ్ళో పెట్టుకో. పై అరలో పెడితే బ్రేకు వేసినప్పుడు కింద పడుతుంది, కాళ్ళ దగ్గర పెడితే వానాకాలం నీళ్ళన్నీ అక్కడికే వస్తాయి.

వాన గురించి. "వాటర్‌ప్రూఫ్" అని రాసి ఉన్నవాటిలో ఎక్కువ కాసేపు తుంపరకి తట్టుకునేవే. నీళ్ళు బట్టలోంచి కంటే కుట్ల రంధ్రాల్లోంచీ జిప్పులోంచీ ఎక్కువ వస్తాయి. రెయిన్ కవరు వేసినా వీపు వైపు ఖాళీగానే ఉంటుంది, మెడ మీద నుంచి కారిన నీళ్ళు అటు నుంచి దిగుతాయి. బైకు మీద గాలికి కవరు బుడగలా ఉబ్బి ఎగిరిపోతుంది కూడా. అందుకే నేను కవరు మీద ఆధారపడను. మూతి మూడు మడతలు చుట్టి బిగించే డ్రై బ్యాగు ఐదు లీటర్లది ఒకటి ఎప్పుడూ అడుగున మడిచి ఉంటుంది. చినుకు మొదలవగానే కెమెరా పెట్టె మొత్తాన్ని అందులో దించి మూతి చుట్టేస్తా. బ్యాగు తడిస్తే తడవనీ, కెమెరాకి ఏమీ కాదు. భైరవకోనలో జలపాతం తుంపర కింద కూడా అలాగే గడిపా. డ్రై బ్యాగు లేకపోతే మందపాటి పాలిథిన్ కవరు, రెండు రబ్బరు బ్యాండ్లు. అయితే ఇల్లు చేరగానే అందులోంచి తీసెయ్యాలి. నీళ్ళు లోపలికి రాకుండా ఆపేది చెమ్మని బయటికి కూడా పోనివ్వదు.

ఎండకి కూడా ఒక మాట. కెమెరాతో వచ్చే చిన్న పుస్తకంలో 0 నుంచి 40 డిగ్రీల మధ్య వాడమని ఉంటుంది. మే నెలలో మనకి నీడలోనే అది దాటే రోజులుంటాయి. నల్ల బ్యాగు ఎండలో ఆపిన బైకు మీద వదిలేస్తే లోపల బ్యాటరీలకి ఎంత వేడి తగులుతుందో ఆలోచించు. బూడిద రంగు, ఖాకీ, ఆలివ్ లాంటివి తీసుకో. నేలపట్టులో కూడా అవే మంచివి. 2022 నుంచి అది తిరుపతి జిల్లా లెక్కలోకి పోయింది గానీ మనకి ఎప్పుడూ మన నేలపట్టే. చెరువు నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని పెట్టుకుని ఉంటాయి. ముదురు ఎరుపో నారింజో వేసుకుని గట్టు మీద నడిస్తే వాటికి బెదురు. నీ 55-210 పూర్తిగా లాగితే, నీ కెమెరా చిన్న సెన్సరు లెక్కన, ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సరు కెమెరాలో 315 ఎంఎం లెన్సుతో సమానం, టవరు మీద నుంచి గూడు మొత్తం కొమ్మతో సహా బాగా వస్తుంది. ఇంకా దగ్గరికి పోవాలని చూడొద్దు, లేచిపోతే గుడ్లు కాకుల పాలవుతాయి.

ఇప్పుడు లోపలి పెట్టె. ఆన్‌లైన్‌లో కెమెరా ఇన్సర్టు అని దొరుకుతాయి, బాగానే ఉంటాయి, నీ కొలతకి దగ్గరగా ఉన్నది దొరికితే కొనేసెయ్. కానీ మన ఊళ్ళల్లో స్కూలు బ్యాగులు కుట్టి జిప్పులు మార్చేవాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళ చేత కుట్టించుకుంటే నీ సామానుకి సరిగ్గా అతికినట్టు వస్తుంది. నాది అలాగే కుట్టించుకున్నా. ఆరు మిల్లీమీటర్ల ఈవీఏ షీటు తీసుకుపోయి ఇచ్చా, పైన నైలాన్ బట్ట ఆయనే వేశాడు. నీకయితే బయటి కొలత 22 వెడల్పు, 9.5 లోతు, 14 ఎత్తు చెప్పు. లోపల ఒక అడ్డగోడ పెట్టి ఒక వైపు 13 సెంటీమీటర్ల గది కెమెరాకి, మిగిలింది పెద్ద లెన్సుకి. లెన్సు రెండు మూతలతో కలిపి నిలబడేలా లోపలి ఎత్తు 13 వస్తుంది.

కెమెరాని లెన్సు కిందికి ఉండేలా పెడతాం. ఇక్కడే చాలామంది చేసే తప్పు ఒకటుంది. కెమెరా బరువంతా లెన్సు మూతి మీద పడేలా పెట్టేస్తారు. నీ 16-50 మోటారుతో కదిలే లెన్సు, దాని గొట్టం సున్నితం. గది అడుగున రెండు చివర్లా లెన్సు కంటే ఎత్తుగా ఉండే ఫోము ముక్కలు అంటించమను. బాడీ రెండు చివర్లూ వాటి మీద ఆని, లెన్సు మధ్యలో గాల్లో ఉండాలి. గ్రిప్పు ఉన్న వైపు ముక్క ఒక సెంటీమీటరు పొట్టిగా కోయించు, లేకపోతే కెమెరా ఒరిగిపోతుంది. పెట్టెకి జిప్పు మూత వద్దు, ఒక పక్క నుంచి మడిచే బట్ట మూత, దానికి వెల్క్రో ఒక బొటనవేలంత. పక్షుల దగ్గర వెల్క్రో చప్పుడు కూడా ఎక్కువే, అక్కడ మూత తెరిచే ఉంచుకుంటా.

అంత ఓపిక లేకపోతే పిల్లల లంచ్ బ్యాగు, లోపల వెండి రేకు ఉండేది, కొలత చూసి కొను. తాత్కాలికంగా బాగా పనికొస్తుంది. ఆ రేకు చెమ్మ పట్టి ఉంచుతుంది కాబట్టి ఇంటికి రాగానే తెరిచి పెట్టాలి.

బయటి బ్యాగుకి డెకాథ్లాన్ వాళ్ళ క్వెచువా 10 లీటర్లది చూడు, ఆరడం బాగా తొందరగా ఆరుతుంది, కానీ దాని ఛాతీ పట్టీ, లోతు నీకు సరిపోతాయేమో కొలిచి తీసుకో. మన దగ్గర కొట్లలో దొరికే చిన్న డే ప్యాకులు కూడా పైన చెప్పిన పరీక్షలకి నిలబడితే చాలు, పేరు అక్కర్లేదు. బయటికి కెమెరా బ్యాగని తెలియకపోవడం కూడా ఒక లాభం. కెమెరా బ్యాగే కావాలని మనసు లాగితే లోవ్‌ప్రో, వాన్‌గార్డ్ లాంటి వాళ్ళవి ఒక భుజాన వేసుకునే చిన్న స్లింగులు ఉంటాయి. నడకకి బాగుంటాయి, బైకు మీద ఒకే భుజం లాగుతుంది. నీ తిరుగుడంతా బైకు మీదే కాబట్టి నేను ఆ దారి చెప్పను. సోనీ ఆర్‌ఎక్స్100, రికో జీఆర్ లాంటి జేబు కెమెరాలు వాడేవాళ్ళు ఇది చదువుతుంటే, మీకు అసలు కెమెరా బ్యాగు అక్కర్లేదు. మెత్తటి పౌచి, మామూలు చేతిసంచి చాలు.

ఇంటికొచ్చాక చేసేది కూడా బ్యాగు ఎంపికలో భాగమే అనుకో, ఎందుకంటే ఎంత మంచిది కొన్నా దాన్ని కెమెరాకి ఇల్లు చేస్తే మళ్ళీ ఫంగస్సే. బ్యాగు తిరగేసి ఇసుక దులుపు, పట్టీలు తడిగుడ్డతో తుడువు, నీడలో గాలి తగిలేలా దండెం మీద వెయ్యి. ఎండలో వేస్తే బట్ట పెళుసెక్కుతుంది. లోపలి పెట్టె మూత తీసి కిటికీలో పెట్టు. కెమెరా, లెన్సులు మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో ఉండాలి. అందులో తేమ పీల్చే సిలికా జెల్ గింజలు గుప్పెడు, ఒక చిన్న తేమ మీటరు పెట్టు. ముల్లు 40, 50 మధ్య ఉంటే చాలు. నీలం గింజల్లో కోబాల్టు క్లోరైడు అనే విష పదార్థం ఉంటుంది కాబట్టి నారింజ రంగువి తీసుకో. రంగు మారినప్పుడు పాత మూకుట్లో వేసి సన్న మంట మీద మళ్ళీ రంగొచ్చేదాకా వేడి చెయ్యి. ఆ మూకుడు మళ్ళీ వంటకి వాడొద్దు, అమ్మకి ముందే చెప్పి విడిగా పెట్టు. ఏసీ బస్సు దిగినప్పుడు మాత్రం కెమెరాని వెంటనే బయటికి తీయకు. చల్లబడ్డ గాజు మీద బయటి ఉక్క నీళ్ళై కూర్చుంటుంది. బ్యాగులోనే ఇరవై నిమిషాలు, అరగంట ఉండనీ.

ఇంకో లెన్సు కొంటే ఎట్లా అని కదా కొట్టతను అన్నది. కొన్నప్పుడు చూద్దాం. అప్పుడు పెట్టె ఒకటే మళ్ళీ కుట్టిస్తావు, బ్యాగు అదే ఉంటుంది. ఇలా పెట్టె విడిగా కుట్టించడం మొదలెట్టాక నేను మూడు పెట్టెలు మార్చా, బ్యాగు ఒకటే.

శనివారం కొట్టుకి పోయేటప్పుడు కెమెరా, రెండు లెన్సులు గుడ్డసంచిలో వేసుకుపో, నిండు లీటరు నీళ్ళ సీసా కూడా పట్టుకో. అన్నీ కొత్త బ్యాగులో వేసి, వీపున తగిలించుకుని, బయట నీ బైకు మీద ఒకసారి కూర్చుని చూడు. అడుగు సీటుకి తగులుతుందో లేదో అక్కడే తెలుస్తుంది. తగిలితే ఇంకోటి చూపించమను. పెట్టె కుట్టించాలనుకుంటే కొలతలు కాగితం మీద బొమ్మ గీసి తీసుకుపో, నోటితో చెబితే అంగుళాలకీ సెంటీమీటర్లకీ తేడా వచ్చేస్తుంది. బొమ్మ గీశాక ఫొటో తీసి ఇక్కడ పెట్టు, కుట్టకముందే ఒకసారి చూస్తా.